తూర్పు ముఖం బండి

నన్ను జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనేవారు. మోటారు వాహనాల తనిఖీ అధికారి అని బోర్డు మీద ఉండేది గానీ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ పేరుతో నన్ను పిలిచినవాడు ఒక్కడూ లేడు. నేను పొద్దస్తమానం బ్రేకులే చూస్తూ కూర్చుంటానని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే చాలా రోజులు అవి కూడా చూడలేదు.

ఈ మధ్య డిపార్టుమెంటులో కొత్తగా చేరిన నలుగురు గుడివాడలో మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి సార్ అన్నారు. లారీల వెంటపడి పట్టుకున్న కథలు వింటామని వచ్చారు పాపం. నేను చెప్పింది చేపల బండి కథ. సగంలోనే ఒకమ్మాయి ఫోను చూసుకోవడం మొదలెట్టింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఆఫీసు ఏదో, పోలీస్ స్టేషన్ ఏదో కూడా చెప్పను, వాటిలో ఇప్పటికీ మనుషులు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. తప్పు చేసినవాడు మాత్రం నేనే, అది దాచను.

కథకి ముందు ఒక్క విషయం తెలియాలి. మోటారు సైకిలుకి నంబరు ప్లేటు కాక ఇంకో నంబరు ఉంటుంది. హ్యాండిల్ కింద, మెడ గొట్టం మీద, ఫ్యాక్టరీలోనే చెక్కుతారు. చాసిస్ నంబరంటారు. అక్షరాలూ అంకెలూ కలిపి పదిహేడు. మొదటి మూడు చూస్తే ఏ దేశం, ఏ కంపెనీ అన్నది తెలుస్తుంది. తర్వాతవి మోడలు, ఇంజిను. ఆ తర్వాత తయారైన సంవత్సరం, ఫ్యాక్టరీ. చివరి అంకెలు అది ఎన్నో బండో చెప్తాయి. ఇంతకన్నా మీకు అక్కర్లేదు. ఆ మాటకొస్తే ఇంతకన్నా తెలిసి నేను బాగుపడింది కూడా లేదు.

ఈ విద్యలో నాకు కాస్త పేరుండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది. నంబరు చదివి వినిపిస్తే చాలు, ఊపిరి తిప్పుకోకుండా ఆ బండి జాతకం చెప్పేసేవాణ్ణి. ట్రైనింగుల్లో నా చేత క్లాసులు చెప్పించేవారు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు ఫోనులో ఫొటో చూపించి, "బావగారూ, సెకండ్ హ్యాండులో కొంటున్నా, ఇది ఎప్పటి బండో చెప్పండి" అనేవారు. గారె పక్కన పెట్టి మరీ చెప్పేవాణ్ణి. మా ఆఫీసులో రికార్డులు చూసే సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. నోరు ఊరుకోదు. "మా సారు జాతకాలు బ్రహ్మాండంగా చెప్తారండీ, పిల్లని మాత్రం చూడరు" అనేవాడు అందరి ముందూ.

ఆయన అన్నది నిజమే. కొత్త బండి రిజిస్ట్రేషనుకి వస్తే ఇన్‌స్పెక్టరు ఆవరణలోకి వెళ్ళి, వంగి, మెడ మీద నంబరు చదివి, కాగితాలతో సరిచూసి సంతకం పెట్టాలి. అది రూలు. మా ఆచారం వేరు. నంబరు మీద పల్చని కాగితం ఉంచి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు దాని మీదికి వస్తాయి. పెన్సిల్ ప్రింటు అంటారు. షోరూమువాళ్ళు పొద్దున్నే ప్రింట్లు తీసి అప్లికేషన్లకి అంటించి పంపేవాళ్ళు. నేను ఫ్యాను కింద కూర్చుని ప్రింటు చూసి, బిల్లు చూసి, 'వాహనమును స్వయముగా పరిశీలించితిని' అన్నచోట సంతకం గీకేవాణ్ణి. బండ్లు బయట ఎండలో వరసగా నిలబడి ఉండేవి. శ్రావణమాసం వస్తే బల్ల మీద ఫైళ్ళు గుట్టలు పడేవి. అన్నిసార్లు వంగి లేస్తే నా నడుం ఏమవ్వాలి అనేది అప్పట్లో నా వాదన. దానికి మా ఆఫీసులో ఎదురు చెప్పినవాడు లేడు.

రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుందనగా ఒక సోమవారం మధ్యాహ్నం, హైవే మీద ఒక స్టేషన్ నుంచి ఎస్సై ఫోను చేశాడు. ఆ నెలలో ఇటు బందరులోనూ అటు గుడివాడలోనూ బైకులు వరసగా మాయమవుతున్నాయి. ఆయన పామర్రు దగ్గర చెకింగు పెట్టి, ప్లేటుతో సరిపెట్టుకోకుండా చాసిస్ నంబర్లు కూడా చూస్తున్నాడు. నేను సర్వీసంతా ఎగ్గొట్టిన పని ఆయన నడిరోడ్డు మీద ఎండలో చేస్తున్నాడన్నమాట. ఒక చేపల బండి దొరికిందిట. ఆర్సీలో ఉన్న నంబరొకటి, బండి మీద ఉన్న నంబరొకటి. కాస్త వచ్చి చూసి రిపోర్టు ఇవ్వండి సార్ అన్నాడు.

వెళ్ళాను. స్టేషన్ వరండాలో బెంచీ మీద నలభై ఏళ్ళ మనిషి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దివిసీమలో నాగాయలంకకి దిగువన ఊరు. తెల్లారకుండానే చేపలు పెట్టెలో ఐసు వేసి సర్దుకుని, చల్లపల్లి మీదుగా మొవ్వ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకుంటాడు. ఎదురుగా నల్ల మోటారు సైకిలు, దాని వెనక చేపల పెట్టె. ఐసు కరిగి వరండా మెట్ల దాకా కారింది.

"బండి నాదేనండీ. ఆరేళ్ళయింది కొని. కొత్తదే కొన్నా, షోరూములో కొన్నా," అన్నాడు.

"అందరూ అదే అంటారు," అన్నాను నేను. ఎక్కడ నేర్చుకున్నానో ఆ డైలాగు.

ఫోను లైటు వేసి మెడ దగ్గర చూశాను. నంబరు మీదా చుట్టూ సన్నగా గీతలున్నాయి, అడ్డదిడ్డంగా. ఆర్సీ పక్కన పెట్టి చదివాను. మొదట్నించీ అన్నీ సరిపోయాయి. చివరి మూడంకెలు మాత్రం ఆర్సీలో 417, బండి మీద 421. ఇక చుట్టూ ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు నిలబడి వింటున్నారు కదా, నాకు పూనకం వచ్చేసింది. దేశం దగ్గర్నించి మొదలెట్టి పదిహేడింటికీ అర్థం చెప్పి, చివరికి వేలెత్తి, "ఇదిగో, ఇక్కడ గెలికారు. గీతలు చూడండి, ఆకురాయి పెట్టినట్టు లేదూ?" అన్నాను.

"ఆ గీతలండీ..." అన్నాడు బెంచీ మీద మనిషి.

"నువ్వాగవయ్యా," అన్నాను.

ఎస్సై బుద్ధిమంతుడు. "ఈ 421 ఎవరి పేరున ఉందో మీ కంప్యూటర్లో ఒకసారి చూద్దామా సార్?" అని అడిగాడు.

"గెలికిన నంబరు ఎవరి పేరునా ఉండదండీ, వెతకడం దండగ," అన్నాను. ఇంజిను మీద ఇంకో నంబరుంటుంది. అది గ్రీజూ మట్టీ కలిసి అట్ట కట్టి ఉంది. తుడిపించి చూడాలి. చూడలేదు. బల్ల మీద కాగితం పెట్టుకుని, 'నంబరు చెరిపి మార్చినట్లు స్పష్టముగా కనబడుచున్నది, దొంగిలించిన వాహనముగా అనుమానించదగును' అని రాసి, స్పష్టముగా అన్నదాని కింద గీత కూడా గీశాను. ఎస్సై కూల్ డ్రింకు తెప్పించాడు, తాగాను. పేపరు విలేకరి ఒకాయన వచ్చి ఫొటో అంటే, చొక్కా టక్ చేసుకుని బండి వైపు వేలు చూపిస్తూ నిలబడ్డాను. వెనక బెంచీ మీద ఆ మనిషి తల దించుకుని ఉన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో పేపరు. నన్ను చూసి లేచి, పేపరు విప్పి, ఫొటోలో నా బొజ్జ మీద వేలు పెట్టింది.

"ఇది మీరేనా సారూ?"

"నేనేనమ్మా."

"మా ఆయన్ని దొంగన్నది మీరేనా?"

"నేననలేదు. నంబరు అలా ఉంది."

"నంబరికి నోరుందా?"

చేపలమ్మేవాళ్ళతో మాటకి మాట పెట్టుకోకూడదని నాకు తెలుసు. గుమాస్తాలు కిటికీల దగ్గరికి చేరారు. ఆవిణ్ణి లోపలికి పిలిచి కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"పదకొండున్నరకి కోర్టుకి తీసుకెళ్తారంట. అట్నుంచి జైలంట. పొద్దున్నే ఈ పేపరు పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు జనం. మొవ్వ నుంచి ఒకటే ఫోన్లు. ఇన్నాళ్ళూ దొంగ చేతి చేపలు తిన్నామా అంటన్నారు. జైలు సంగతి అట్టా ఉంచండి సారూ. ఆయన రోజుకి పది ఊళ్ళు తిరుగుతాడు. తెల్లారకముందే వీధుల్లోకి వెళ్తాడు, గేట్లు తీసి మరీ పిలుస్తారు. రేపట్నుంచి ఎవరి గేటు ముందు బండాపుతాడు? మాకింకో పని రాదు."

నేను గొంతు సవరించుకుని గీతల గురించి చెప్పడం మొదలెట్టాను.

"ఆ గీతలు నావి," అంది.

"నీవా?"

"నేనే తోమాను. ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు కారి బండి తుప్పట్టిపోద్ది. నీచు కంపు ఒకటి. వారానికోసారి ఇసకా బూడిదా వేసి, ఇనప పీచుతో అంట్లు తోమినట్టు తోముతాను. చెయ్యి దూరినంత మేర తోముతాను. మా గిన్నెలు చూడండి, వాటి మీదా అయ్యే గీతలు."

"మెడ దగ్గర కూడానా?"

"మెడకే కదండీ దండేసేది. దసరాకి బొట్టు పెట్టేదీ అక్కడే. అక్కడ తోమకపోతే ఎట్టా?" అని, నా మొహంలోకి చూసి, కొంచెం గొంతు తగ్గించింది. "నాకు చదువు రాదు సారూ, తెలీకడుగుతున్నా. దొంగ బండికి నంబరు మార్చి చెక్కించుకునేవాడు, తన కాగితంలో ఉన్న నంబరే చెక్కించుకుంటాడు గానీ, కాగితంలో లేని నంబరు చెక్కించుకుంటాడా? మా ఆయన అమాయకుడే గానీ మరీ అంత తెలివితక్కువోడు కాదు."

ఇంత చిన్న లెక్క నాకు నిన్న తట్టలేదు. ట్రైనింగుల్లో క్లాసులు చెప్పిన మనిషికి, పదిహేడింటికీ విడివిడిగా అర్థం తెలిసిన మనిషికి తట్టలేదు. పైగా 417, 421 అంటే ఒకే ఫ్యాక్టరీలోంచి నాలుగు బండ్ల తేడాలో వచ్చినవి. దొంగలు అంత పద్ధతిగా దొంగతనం చెయ్యరు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సర్వరు రెండుసార్లు పడుకుని మూడోసారి లేచింది. 421 ఉంది. బందరు చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఒక సాయిబు గారి పేరున, అదే మోడలు, అదే నల్ల రంగు. రిజిస్టరయిన రోజు చూశాను. చేపలాయన బండి రిజిస్టరయిన రోజే.

సీనియర్ అసిస్టెంటు రికార్డు రూములోంచి రెండు ఫైళ్ళూ దులిపి తెచ్చాడు. రెండింటికీ పెన్సిల్ ప్రింట్లు అంటించి ఉన్నాయి. ప్రింట్లు బిల్లులతో సరిపోయాయి. ప్రింటు తీసింది సరైన బండి మీదే. అంటే ప్రింట్లు తీశాక, జనం తాళాలు తీసుకునేలోపు, బండ్లు తారుమారయ్యాయి. ఆ తర్వాత అవి రెండూ ఇదే ఆవరణకి వచ్చి, ఇక్కడే ఎండలో నిలబడ్డాయి. రెండు ఫైళ్ళలోనూ 'స్వయముగా పరిశీలించితిని' కింద నా సంతకం, ఒకే సిరాతో, మంచి దస్తూరీతో.

అసిస్టెంటు ఆవిణ్ణి టీ తాగి రమ్మని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, ఎనిమిది నెలలు. హాయిగా దండలేయించుకుని వెళ్ళిపోవాల్సిన టైము. ఈ రెండు ఫైళ్ళూ దొరకలేదని రాసేద్దాం. రికార్డు రూములో చెదపురుగులు మన కన్నా సీనియర్లు, ఎవరూ అనుమానించరు. ఆయన సంగతి కోర్టులో తేలుతుంది. ఆర్నెల్లకో ఏడాదికో నిర్దోషి అంటారు. మనకి పోయేదేముంది?"

ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే చెప్పాడు. ఒక టీ తాగేంత సేపు నేను చెదపురుగుల పక్షానే ఉన్నాను. ఈ మాట దాచుకోవచ్చు, కానీ మీలో ఎవరైనా రేపు ఆ కుర్చీలో కూర్చోవచ్చు కాబట్టి చెప్తున్నాను. నిజాయితీ అనేది నాకు వెంటనే గుర్తురాలేదు.

కిటికీలోంచి చూస్తే ఆవిడ టీకి వెళ్ళలేదు. ఆవరణలో రిజిస్ట్రేషనుకి తెచ్చిన కొత్త బండి ఒకటి ఉంది. దాని దగ్గరికెళ్ళి, దాని యజమానిని ఏదో అడిగి, హ్యాండిల్ కింద వంగి చూస్తోంది. ఆ నంబరనేది ఎక్కడుంటుందో, ఎట్లా ఉంటుందో చూపించమని అడిగినట్టుంది. అతను చూపిస్తే వేలితో ఒక్కో అక్షరమూ తడుముతోంది. చదువు రాని మనిషి. నా ఆఫీసు ఆవరణలో, నేను ఏళ్ళ తరబడి వంగని చోట వంగింది. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ గదిలో అసిస్టెంటు మొహం కూడా చూడలేనంత సిగ్గు.

"ఫైళ్ళు దొరికాయని రాయండి," అని వాటిని చంకలో పెట్టుకుని లేచాను.

ఆవిణ్ణి నా కారులో ఎక్కించుకుని చిలకలపూడి వెళ్ళాను. సాయిబు గారు బనీనుతో కూర్చుని గొలుసులకి మెరుగు పెడుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు. బయట నల్ల బండి ఉంది, అద్దంలా తుడిచి, సీటు మీద గుడ్డ కప్పి.

"మీ బండి చూడాలండి," అన్నాను.

"ఏమైంది సార్, దొంగ బండా?"

"కాదు. ఈవిడది."

ఆయన నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. నేను నేల మీద మోకాళ్ళు ఆనించి, హ్యాండిల్ తిప్పి, మెడ తుడిచి చదివాను. 417. ఇంజిను నంబరు కూడా తుడిచి చదివాను. అదీ చేపలాయన ఆర్సీలోదే.

తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే సంగతి బయటపడింది. బండ్లు తీసుకున్న రోజు శుక్రవారం. ఆవిడ చెప్పింది: "పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తందని మా మావయ్య ఒకటే గోల. మాకు రాసిన బండేమో గోడకేసి పడమటికి తిరిగుంది. పడమటి ముఖం బండి ఎక్కిస్తే నా కొడుకు ఇంటికి రాడని మొరాయించాడు. దాన్ని వెనక్కి లాగాలంటే పది బండ్లు తియ్యాలన్నారు. పక్కన అలాంటిదే తూర్పు ముఖంగా ఉంటే, ఎవర్నీ అడక్కుండా దానికే నిమ్మకాయలు కట్టించి, కొబ్బరికాయ కొట్టేశాడు. కొట్టాక మార్చకూడదంట."

సాయిబు గారు నుదురు కొట్టుకున్నాడు. "నేను జుమ్మా నమాజుకి టైమైపోతోందని పరిగెత్తుకుంటా వచ్చానమ్మా. గేటు పక్కన తూర్పు వైపున్న బండి నీదన్నారు, వచ్చి చూస్తే అది లేదు. గోడకున్నది మిగిలింది. నల్ల బండి నల్ల బండే కదా. నాకు నమాజు ముఖ్యం గానీ బండి ఎటు చూస్తే నాకేంటని తాళం లాక్కుని వెళ్ళిపోయా."

ఆ మావయ్యకి రాహుకాలం, సాయిబు గారికి నమాజు, నాకు నడుం నొప్పి. ఆ షోరూము మూతపడి ఎన్నాళ్ళో అయింది. తిట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆవిడ మాత్రం తిట్టలేదు, టైమెంతయిందని అడిగింది. పదిన్నర. ముందు సాయిబు గారు బండి మీద, వెనక మేము కారులో, హైవే పట్టాం.

స్టేషన్ ముందు జీపు సిద్ధంగా ఉంది. చేపలాయన్ని అప్పుడే వరండాలోకి తెచ్చారు. ఒక చెంప వాచి ఉంది. నిన్న నేను చూసినప్పుడు లేదు. ఎస్సై నేను అటు చూడటం గమనించి గోడ వైపు తిరిగాడు. కొట్టింది ఎవరైనా, ఆ చెంప వాచింది నా కాగితం చూసుకునే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

బల్ల ముందు కూర్చుని ఇంకో రిపోర్టు రాశాను. నిన్నటి రిపోర్టు తప్పు. నంబరు ఎవరూ మార్చలేదు. రిజిస్ట్రేషను నాడు నేను బండ్లు చూడకుండానే చూసినట్టు సంతకం చేశాను. ఎస్సై అది రెండుసార్లు చదివాడు.

"పొరపాటు జరిగింది అని రాస్తే చాలు కదండీ. మీ పేరు ఎందుకు?" అన్నాడు మెల్లిగా.

"ఎవరి వల్ల జరిగిందో రాయకపోతే ఆ పొరపాటు కూడా ఇతని మెడకే చుట్టుకుంటుంది," అన్నాను.

ఇంకో చిక్కు వచ్చింది. "ఆర్సీకి, బండికి నంబరు కలవకుండా బండి ఎలా వదలను సార్? రేపు ఇంకో ఎస్సై ఇంకో చోట ఆపుతాడు. మీ కాగితాల్లో మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

మా డిపార్టుమెంటు సంగతి నాకు తెలుసు. "చెప్పలేనండి," అన్నాను.

దారి ఒకటే. నంబరు ప్లేట్లు విప్పి మార్చి, ఎవరి ఆర్సీలో ఉన్న బండి వాళ్ళు తీసుకెళ్ళాలి. సాయిబు గారు చేపల బండి దగ్గరికి వెళ్ళి, ఒకసారి చుట్టూ తిరిగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నిన్నట్నుంచీ అలాగే ఉన్న చేపల పెట్టె అది. "అత్తరు పూసుకుని ఎక్కానండీ ఆరేళ్ళూ నా బండి," అన్నాడు నాతో, నేనేదో చెయ్యగలిగినట్టు. తర్వాత వరండాలో ఉన్న మనిషి వాచిన చెంప చూశాడు. రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"నీ బండి మీద ఆరేళ్ళు తిరిగానా తమ్ముడూ నేను? తీసుకో," అని తాళం అతని చేతిలో పెట్టాడు. చేపల బండి తాళం తనే అడిగి తీసుకున్నాడు. పెట్టె దింపి ఇవతలి బండికి కట్టడానికి తాడు కూడా పట్టాడు. ఆ వాసనతోనే బందరు వెళ్ళాడు. తర్వాత ఒకసారి కనబడితే, ఎన్నిసార్లు కడిగినా పిల్లులు వదలటం లేదని చెప్పాడు.

నాకు మెమో వచ్చింది, ఎంక్వైరీ జరిగింది, ఒక ఇంక్రిమెంటు కోసుకుపోయింది. న్యాయంగానే కోశారు. మిగిలిన ఎనిమిది నెలలూ ప్రతి బండి దగ్గరా వంగాను. సిబ్బంది నన్ను తిట్టుకున్నారు, నా నడుం నన్ను తిట్టుకుంది. నేను చెప్పదల్చుకున్నది అది కాదు.

స్టేషన్ బయట నేను కారు తలుపు తీస్తుంటే ఆవిడ అడ్డం వచ్చింది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయిందమ్మా. కేసు లేదు."

"మీరు రాసిన కాగితం ఎస్సై గారు చదివారు. ఊళ్ళు చదవలేదుగా?"

"పేపరువాళ్ళకి చెప్తాను, సవరణ వేస్తారు."

"ఫొటో అంత పెద్దది వేస్తారా?" అంది. "రేపు పొద్దున ఆరింటికి చల్లపల్లి సెంటర్లో ఉండండి. ఆయన తిరిగే ఊళ్ళన్నీ ఆయన వెనకాల కూర్చుని తిరగండి. ఏ నోటితో దొంగన్నారో ఆ నోటితోనే చెప్పండి."

"నేను ఆఫీసర్నమ్మా, చేపల బండి మీద..."

"నిన్న కూడా ఆఫీసరేగా."

మా ఆవిడకి కూడా చెప్పకుండా మర్నాడు ఆరింటికి చల్లపల్లి సెంటర్లో నిలబడ్డాను. చేపలాయన వచ్చాడు. నా వైపు చూడలేదు, పలకరించలేదు, బండి ఆపాడంతే. అతనికీ పెట్టెకీ మధ్య ఎలాగోలా ఇరుక్కున్నాను. నా బరువుకి బండి కూర్చుండిపోయింది. కుదుపుకొకసారి ఐసు నీళ్ళు నా వీపు మీద పడేవి. ఆ ప్రయాణానికి నేను నా చేత్తోనే జరిమానా రాయాలి, ఎన్ని రూల్సు తప్పామో.

మొదటి ఊళ్ళో అతను హారను కొట్టాడు. ఒక్క గేటూ తీయలేదు. కిటికీల్లోంచి చూస్తున్నారని తెలుస్తోంది. దిగి వీధి మధ్యలో నిలబడ్డాను.

"అమ్మా, అయ్యా, నేను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని. ఇతను దొంగ కాదు. బండి ఇతనిదే. తప్పు నాది," అన్నాను.

ఒకాయన గుమ్మంలోకి వచ్చి విని, లోపలికి పోయాడు. ఒకామె వచ్చి, వింతగా నన్ను ఎగాదిగా చూసి, అరకిలో తీసుకుంది. రెండో ఊళ్ళో పిల్లలు వెంటపడ్డారు. మూడో ఊళ్ళో ఒక పెద్దమనిషి, పోలీసులు తీసుకెళ్ళారంటే ఏదో ఒకటి ఉండే ఉంటుందని నాకే పాఠం చెప్పాడు. నాలుగో ఊళ్ళో నలుగురు కొన్నారు. చేపలాయన తూకం వేస్తున్నాడు, ఇస్తున్నాడు, పెదవి విప్పటం లేదు. మూడు రోజుల క్రితం దాకా వీధి మలుపులోనే పాటలా అరిచేవాడని తర్వాత విన్నాను.

మొవ్వ దాటాక ఒక ఊళ్ళో, చివరింటి అరుగు మీద ఎనభై ఏళ్ళావిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని చూడగానే, "రెండు రోజుల్నించి ఏమయ్యావురా?" అంది. అతను తల దించుకున్నాడు. నేను ముందుకెళ్ళి నా పాఠం అప్పజెప్పాను. అప్పటికి బాగా వచ్చేసింది.

ఆవిడకి సగమే వినపడింది. "తప్పేం చేశావు?" అంది.

"బండి చూడకుండా, చూశానని సంతకం పెట్టాను మామ్మగారూ."

"చూడకుండా చూశానన్నావా?"

"అవునండి."

"చూడ్డానికేగా నీకు జీతం?"

"అవునండి."

"జీతం తీసుకునే?"

"తీసుకునేనండి."

"అయితే దొంగవి నువ్వన్నమాట," అంది. కోపంగా అనలేదు. వంకాయ ముదిరిందో లేతదో తేల్చినట్టు అంది. అవునండి అన్నాను.

దాంతో నాతో ఆవిడకి పని అయిపోయింది. గిన్నె చాపి, "ఏం తెచ్చావురా అబ్బాయ్?" అని అతన్నడిగింది.

అతను పెట్టె మూత తీశాడు. "రొయ్యలు మామ్మా, బొమ్మిడాయిలూ..." అని, ఇంకో మాట రాక, మూత అలాగే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. బండి స్టాండు మీద నుంచి పక్కకి ఒరగబోయింది. ఆవిడ గిన్నె పట్టుకుని, అతను తెప్పరిల్లేదాకా అలాగే కూర్చుంది. నేను బండి పట్టుకుని నిలబడ్డాను.